లేడీస్ బ్యాచి

సుంకేసుల ఆనకట్ట నుండి కర్నూలు మీదుగా కడప వరకు, పంటలకును పడవలకును పనికివచ్చునట్లు 1860లలో మదరాసు కంపెనీవారు త్రవ్వించి, 1882లో దొరతనమువారు కొన్న కె.సి. కాలువ గట్టుమీదినుండి దుమికి ఈత నేర్చిన మగపిల్లల తరము లెన్నియో గడచినవి గాని, అదే గట్టున బట్టలుదికి బిందెలు ముంచిన ఆడవారిలో ఈత వచ్చినవారిని నేను వ్రేళ్ళమీద లెక్కింపగలను.

మా యింటి కథయు నట్టిదే. మా కపిలబావిలో తమ్ములిద్దరును ఎండు సొరకాయ బుర్రలు నడుమునకు గట్టుకొని రెండు వేసవులలో ఈదనేర్చిరి. మెట్లమీద కూర్చుండి వారి బట్టలకు కాపలా యుండుట నా వంతు. నేనును దిగుదునన్నందుకు మా జేజి, "నీకెందుకు మే ఈత? బిందె ముంచేది వస్తే చాల్దా?" అనినది.

ఏబది దాటిన పిదప ఈతకొలనులో లేడీస్ బ్యాచిలో చేరితిని. నేర్పునామె మొదట చెప్పినది చేతులాడించుట కాదు. ముఖము నీట ముంచి ముక్కున ఊపిరి విడుచుట. ఇంతమాత్రమునకే నాకు తొమ్మిది దినములు పట్టెను. భయమున మెడ బిగిసినకొలది నడుము క్రుంగును. తల వెనుకకు వాల్చి చెవులు మునుగనిచ్చినంతనే దేహము తనంత తాను తేలును.

ఆడవారికి వేరు గంట యేల, ఇది వెనుకబాటు గాదా, 1959లో ఇంగ్లీషు ఛానలు నీదిన ఆరతి సాహాకు గాని, నడివయసున ఈతకు దిగి 2021లో పాక్ జలసంధి దాటిన సామర్లకోట గోలి శ్యామలకు గాని తెర కావలసివచ్చెనా యని మిత్రులు వాదింతురు. వాదము మంచిదే. కాని బురఖాను కొయ్యకు తగిలించి, నా ప్రక్కనే బుడగలు విడుచుచు పసిపిల్లవలె నవ్వు ఆ తల్లి, తెర లేనినాడు గేటే దాటదు.

మాకిచ్చినది పగలు మూడు గంటల వేళ. మే నెలలో సిమెంటుమీద కాలు పెట్టిన బొబ్బలెక్కును. ఒకనాడు ట్యాంకరు రాలేదని, నీటి యెద్దడి తీరువరకు మా బ్యాచి నిలిపితిమని నోటీసు తగిలించిరి. కరవుసీమలో ఆ మాటకు ఎదురాడుట కెవరికి నోరువచ్చును? అయితే సాయంకాలపు మగవారి బ్యాచి యథాప్రకారము సాగుచునే యుండెను. ఆ కొలనే, ఆ నీరే.

మరునాడు ఆరు గంటలకు మేము పదునొకండుగురము టికెట్ల కిటికీ ముందు వరుసగా నిలిచితిమి. బురఖా తల్లి ముందునకు వంగి, "నీళ్ళు ఉండాయి కదా నాయనా?" అని మెల్లగా అడిగినది.