కింది నుంచి ‘ఆఁ’ రావాలె

బెల్లం వండే చోట ఇద్దరు మనుషులు ఒకరికొకరు కనపడరు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు దిగి, గట్ల మీద నడిచి మా మామ గానుగ దగ్గరికి చేరేసరికి ఆయన పెనం ముందు పాకం చూస్తూ ఉండేవాడు. పొయ్యిలో ఎండిన పిప్పి తోసే మనిషి అవతల గుంతలో. అతనికి మంట తప్ప పాకం కనపడదు. “మంట తగ్గియ్!” అని మామ కేకేస్తే కింద నుంచి “ఆఁ, తగ్గిచ్చిన” అని రావాలె. రాకపోతే మళ్లీ కేక. అప్పటికీ పలకకపోతే తెడ్డు వదిలేసి ఉరికేవాడు. పాకం ముదిరితే పెనమంతా నల్లబెల్లమే.

ఇప్పుడు నా పని చిప్పుల ఫ్యాక్టరీల్లో యంత్రాలను హోస్ట్ కంప్యూటర్‌తో మాట్లాడించడం. సెమీ అనే పరిశ్రమ సంఘం 1980లో మొదలుపెట్టిన ఎస్ఈసీఎస్ ప్రమాణాలే వాటి భాష. పలకరింపుకు బేసి సంఖ్య, జవాబుకు దాని పక్క సరి సంఖ్య. ఎస్1ఎఫ్1 అంటే ‘ఉన్నావా?’. యంత్రం ఎస్1ఎఫ్2తో తన మోడల్, సాఫ్ట్‌వేర్ పేర్లు చెప్పాలి. జవాబుకు టీ3 అనే గడువుంది, మామూలుగా 45 సెకన్లు. ఆలోపు జవాబు లేకపోతే ఆ మౌనమే తప్పుగా నమోదవుతుంది.

మిల్లుల్లో, బాయిలర్ల దగ్గర ఎక్కువగా కనపడే మోడ్‌బస్ అనే భాష 1979 నాటిది. అందులో అడిగితేనే జవాబు. కింది మీటరు తనంతట తాను నోరెత్తదు. ఎస్ఈసీఎస్‌లో యంత్రం తనే అరవగలదు. నాకు ఈ భాష మీద ప్రేమ అందుకే.

కానీ అలారం చెప్పే ఎస్5ఎఫ్1కు జవాబు కావాలా వద్దా అన్నది పంపేవాళ్ల ఇష్టం. ఒకచోట ‘వద్దు’ అని పెట్టి ఉంటే నేనూ చూసి దాటేశాను. ఒక రాత్రి హోస్ట్ ప్రోగ్రాం అలారాన్ని సరిగా చదవలేక వదిలేసింది. తన మాట వినలేదని యంత్రానికి తెలియలేదు. వేడి తప్పిన కొలిమిలోకి తెల్లారేదాకా చిప్పులు తయారయ్యే వేఫర్లు పోతూనే ఉన్నాయి. ఆ పళ్లేలు చెత్తలోకి వెళ్తుంటే నిలబడి చూశాను.

అప్పటినుంచి కొత్త యంత్రం వస్తే ముందు ఆ జవాబు సంగతే చూస్తాను. తర్వాత కేబుల్ పీకేస్తాను. స్పూలింగ్ ఉన్న యంత్రమైతే, తెగినప్పటి మాటలను దాచుకుని, లైను కలిశాక హోస్ట్ అడిగినప్పుడు వరసగా అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా సంతకం పెట్టను.

గుంతలో మనిషి ఒక్కోసారి అడగకుండానే అరిచేవాడు: “పిప్పి తడిగున్నది, మంట లేస్తలేదు!”

పాకం మీంచి చూపు తిప్పకుండానే మామ గట్టిగా అనేవాడు, “ఆఁ!”