చింతపల్లి దీపం ఏం చెప్పింది?

ఈ వారం ఓ రీలు చూసి ఒళ్లు మండింది. భోగాపురం దాటి, పూసపాటిరేగ దగ్గర హైవే దిగి చింతపల్లి ఒడ్డుకెళ్లిన కుర్రాడు “ఎవరికీ తెలియని బీచ్” అంటూ ఒకటే కేకలు. వాడి వెనకాలే, గుట్ట మీద, లైట్‌హౌస్ నిలబడి ఉంది!

తెలియకపోవడమేమిటి? 1847లోనే ఇక్కడ దీపం వెలిగించారు. భీమిలి రేవుకొచ్చే ఓడలు సముద్రంలో పొంచి ఉన్న రాళ్లకు కొట్టుకోకుండా. ఇంగ్లీషువాళ్లు ఈ ఊరిని శాంతపిల్లి అని రాసుకున్నారు.

పాత రేవులకు బోర్డులు పెట్టండి మహాప్రభో అని నేనెన్నాళ్లుగా మొత్తుకుంటున్నానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. మన తీరం చుట్టరికాలు చిన్నవా? భీమిలి దారిలోని తొట్లకొండ విహారంలో రోమన్ వెండి నాణేలు దొరికాయి. కళింగపట్నానికి ఎగువన, వంశధార గట్టున శాలిహుండం స్తూపాలున్నాయి.

భీమిలి అంటే చాలామందికి డచ్చివాళ్ల సమాధులు. నాకు మాత్రం మసూలా పడవ. అక్కడ ఓడ ఒడ్డుకు రాలేదు. దూరాన లంగరేసుకుని నిలబడితే, గోగునార బేళ్లనూ నువ్వుల బస్తాలనూ కెరటాలు దాటించి చేర్చేది ఆ పడవే. ఒక్క మేకు ఉండదు. పలకల అంచుల్లో వరసగా చిల్లులు పెట్టి, అతుకు మీద పీచు అదిమి, కొబ్బరితాడుతో లాగి కుట్టేవారు. మేకులతో బిగించిన పడవను కెరటం ఎత్తి ఇసుకకేసి కొడితే పగులుతుంది. ఇది ఆ దెబ్బకు కాస్త వంగి మళ్లీ సర్దుకునేది. నీరూ కారేదనుకోండి, ఒకడు తోడుతూ కూర్చోవాల్సిందే. కారని పడవ కట్టడం రాక కాదు, ఆ కెరటాలకు కారే పడవే మేలు.

సరే, చింతపల్లి బోర్డు. ఏం రాయాలా అని కూర్చుంటే తిరకాసు తగిలింది. ఈ ఊరి దీపం ఓడలను రమ్మని పిలవలేదు, ఎడంగా పొమ్మంది. అంటే బోర్డు అప్పుడే పెట్టేశారన్నమాట!

విమానాశ్రయం పుణ్యమా అని భోగాపురం దారిలో జనం ఎలాగూ పెరుగుతారు. నా చరిత్ర బోర్డు వాళ్లను ఇంకాస్త తొందరగా దించుతుంది. వలలు ఆరేసుకునే ఇసుక మీద కార్లు ఆగుతాయి. అందుకని ఈ ఒక్కచోట నా డిమాండు వాపసు. ఎవరికీ తెలియదని కుర్రాడు అనుకుంటే అనుకోనివ్వండి. కాదు, పెట్టే తీరాలంటారా, జాలర్లనడిగి ఎక్కడ ఈతకు దిగకూడదో రాయండి చాలు. శాసనాలు, రోమన్లు అక్కర్లేదు.