చీకటింట్లో ఏమీ కనబడలేదట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే మేము కొందరం ఈ మధ్య హైదరాబాద్ జూకు పిల్లల్ని తీసుకుపోయి వచ్చాము. తర్వాత ఒకచోట కూర్చుని పిల్లలు రాసిన నోటుబుక్కులు ముందేసుకున్నాము. పులి బాగుంది, సింహం పండుకుంది, ఏనుగు పెద్దగుంది. రాత్రి తిరిగే జంతువుల ఇంటి దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకటే మాట: ఏమీ కనబడలేదు. వెంట వచ్చిన పెద్దలు దానికి ఇంకో రెండు కలిపారు. లోపల వాసన వస్తున్నదట, లైట్లు పెంచాలట.

ఈ అభిప్రాయాలతో మాకు పేచీ ఉంది.

మీరాలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963 అక్టోబర్ 6న జనానికి తెరిచారు. అందులో ఈ చీకటిల్లు చిన్న భాగం. అక్కడ పగటిని రాత్రి చేస్తారు, రాత్రిని పగలు చేస్తారు. మనం తిరిగే వేళకు లోపల చీకటి, మనం పోయాక వెలుతురు. అట్లా చేస్తేనే దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలం, గుడ్లగూబ మనం ఉన్నప్పుడు మేలుకొని కదులుతాయి. లైట్లు పెంచితే అవి ముడుచుకొని పండుకుంటాయి. అంటే లైట్లు పెంచమన్నవాళ్లు నిద్రపోయే జంతువును చూపించమని అడుగుతున్నట్టే.

ఇంకొకటి. ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. మేము లోపల ఉన్నది ఐదు నిమిషాలు కూడా కాదు. "నడువుండ్రి, నడువుండ్రి" అని పిల్లల్ని వెనకనుంచి తోసింది మేమే. ఎవరో ఫోన్ లైటు వేశారు. దేవాంగపిల్లికి కళ్లు అంత పెద్దగా ఎందుకున్నాయో చెప్పాల్సిన సార్లం, ఆ కళ్లలోకి లైటు కొడుతుంటే చూస్తూ ఊరుకున్నాము. కనబడలేదన్న పిల్లలది తప్పు కాదు.

మాలో కొందరి తల్లులు తెల్లారకముందే ఇప్పపూలకు పోయినవాళ్లు. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలుతుంది. చెట్టు మీదికి గబ్బిలాలు వస్తాయి, చెట్టు కిందికి ఎలుగుబంటి వస్తుంది. వాళ్లు ముందు ఆగేవాళ్లు, చప్పుడు వినేవాళ్లు, తర్వాతే అడుగు వేసేవాళ్లు. అంతమాత్రాన మనోళ్లంతా జంతువుల్ని కాపాడినవాళ్లేనని మేము రాయము. మందుకూ మంత్రానికీ దేవాంగపిల్లిని పట్టినవాళ్లు అన్ని కులాల్లో ఉన్నారు, మనలో లేరనలేము. కానీ చీకట్లో ఏమీ లేదని ఆ తల్లులు ఎన్నడూ అనలేదు. ఆ ఓపిక మా తల్లుల దగ్గరి నుంచి మా దాకా వచ్చి, మా దగ్గరే ఆగిపోయింది.

నోటుబుక్కుల్లో మమ్మల్ని ఆపింది వేరే వాక్యం. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి రాసింది: "అడవి బాగుంటది, అండ్ల మనుషులు ఉండరు కాబట్టి." జూలో చెట్టు, రాయి, నీటిగుంట, జంతువు అన్నీ పెడతారు. చూసి వచ్చిన పిల్ల అడవి అంటే అంతే అనుకుంటుంది. ఈ మాటే పెద్దవాళ్లు ఆఫీసుల్లో కూర్చుని అంటే దాని బరువు వేరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మన నల్లగొండ జిల్లా దాకా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉండగానే, అక్కడి చెంచు పెంటలను బయటికి తరలించే మాట ఏళ్లుగా నడుస్తూనే ఉంది.

మనుషులు లేని అడవిని చూపే జూలు ఒకప్పుడు అడవి మనుషులను కూడా చూపాయి. 1906 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ, కాంగో వానల అడవి నుంచి వచ్చిన ఓటా బెంగాను కోతుల ఇంట్లో పెట్టింది. వేలమంది వచ్చి చూశారు. నల్లజాతి పాస్టర్లు ఎదురుతిరిగాక ఆపారు. 1916లో ఆయన తనను తాను కాల్చుకుని చనిపోయాడు. ఆ జూను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. అప్పుడు వచ్చిన వేలమందిలో చాలామంది ఇంటికి పోయి జూ బాగుందనే చెప్పి ఉంటారు. అందుకే చూసినవాళ్ల మెప్పే కొలత అంటే మేము ఒప్పుకోము.

వచ్చే ఏడు పోయేముందు పిల్లల్ని ఒక రాత్రి బడి దగ్గరి మర్రిచెట్టు కింద కూర్చోబెడదామనుకున్నాము, లైట్లు ఆర్పి, ఒక పెద్దమ్మను పిలిచి. జూలో ఆ చీకటింట్లోకి పదిమందికి మించకుండా పంపాలి, ఫోన్లు మా సంచిలో ఉండాలి. ఆ అమ్మాయి నోటుబుక్కు ఇంకా మా దగ్గరే ఉంది. ఆ వాక్యానికి రైటు పెట్టలేదు, తప్పనీ పెట్టలేదు. ఆమెనే పిలిచి, మీ నాయనమ్మ ఎక్కడ పుట్టిందో అడిగి రమ్మన్నాము.