చేప లాగితే పడవ కదలాలి

ఇంగ్లండ్ తూర్పు తీరంలో స్కార్‌బరో అనే ఊరుంది. 1930లలో అక్కడి రేవుకు డబ్బున్న మారాజులు సొంత యాట్‌లలో దిగేవారు. వాళ్లకు కావలసింది బ్లూఫిన్ ట్యూనా, మన బెస్తలు సూర అని పిలిచే చేపకు పెద్దన్న లాంటిది. హెర్రింగ్ వలలు పైకి లాగేటప్పుడు జారిపడే చేపలకు ఆశపడి ఆ ట్యూనాలు వల పడవలను అంటిపెట్టుకుని తిరిగేవి. విచిత్రమేమిటంటే, అంత ఖరీదైన యాట్‌లో నడిసముద్రం దాకా వెళ్లినవాళ్లు తీరా వేట మొదలెట్టే వేళకు చిన్న తెడ్ల పడవలోకి దిగిపోయేవారు. 1933లో లోరెంజో మిచెల్ హెన్రీ 851 పౌండ్ల ట్యూనాను, అంటే దాదాపు 386 కిలోల చేపను, అలాంటి పడవలో నుంచే పట్టాడు.

ఇందులో షోకు లేకపోలేదు. లెక్క కూడా ఉంది.

బరువైన ఓడ మీద నుంచి గాలం వేస్తే చేప గుంజిన ప్రతి గుంజుడూ దారం మీదే పడుతుంది. ఓడ కదలదు కదా. అప్పటి దారం నారతో పేనినది. తడిసినప్పుడు ఒక్కో పోగూ సుమారు మూడు పౌండ్లు ఆపుతుందని లెక్క. చిన్న పడవ అలా కాదు. చేప పరుగెత్తితే పడవా వెంట పరుగెత్తుతుంది, దారానికి ఊపిరి దొరుకుతుంది. పైగా ఇద్దరు మనుషుల్నీ ఒక పడవనీ ఈడ్చుకుపోతున్న చేప ఎంత బలశాలి అయినా అలసిపోక తప్పదు. చిక్కల్లా అది తిన్నగా కిందికి మునిగినప్పుడే. దారం పడవ అడుగుకు ఒరుసుకుంటే తెగిపోతుంది, పక్కకు లాగితే పడవే ఒరిగిపోతుంది. అందుకే పడవను ఎప్పటికప్పుడు చేప వైపు తిప్పుతూ ఉండాలి. ఆ పని తెడ్లు వేసేవాడిది. రికార్డు పుస్తకంలో పేరు మాత్రం గాలపు కర్ర పట్టినవాడిది!

ఈ ఆటకు మర్యాదలు నేర్పింది అమెరికాలో, కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంటా కాటలీనా దీవి. 1898 జూన్‌లో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అక్కడ 183 పౌండ్ల ట్యూనాను కర్రతో, రీలుతో పట్టాడు. అది ఆయన పడవను మైళ్ల కొద్దీ ఈడ్చుకుపోయింది. మొరటు చేతి తాళ్లతో చేపల్ని గుట్టలుగా లాగిపడేయడం ఆయనకు సుతరామూ నచ్చలేదు. అదే ఏడాది అవలోన్ ఊళ్లో ట్యూనా క్లబ్ పెట్టి, సన్న దారంతో పట్టినదే పట్టు అని తేల్చాడు. అప్పటి రీళ్లకు సరైన బ్రేకు ఉండేది కాదు. చేప పరుగు తీస్తే పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపులు పగలగొట్టేది. రీలు మీద తోలు ముక్క అదిమిపెట్టి దాన్ని ఆపాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించడానికి విలియం బోషెన్ రీలు లోపలే బ్రేకు అమర్చే ఆలోచన చేశాడు. ఆ రీలుతోనే 1913లో కత్తిచేపను పట్టాడు.

1939లో ఈ గాలపు ఆటకు అంతర్జాతీయ సంఘం ఏర్పడ్డాక కట్టుబాట్లు ఇంకా బిగిశాయి. చేప తగిలిన తర్వాత కర్రను ఇంకొకరు ముట్టుకుంటే ఆ చేప రికార్డుకు పనికిరాదు. 1953లో పెరూ దేశపు కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన 1,560 పౌండ్ల బ్లాక్ మార్లిన్ ఈ లెక్కల ప్రకారమే శిఖరం. కాదనలేం. అయితే డెక్కుకు బిగించిన కుర్చీ, నడుముకు పట్టీలు, ఇంజనును వెనక్కి నడిపి చేపను తరిమే సారంగు ఉన్న పడవల్లో చేప పడవను లాగడం పోయి, పడవే చేపను లాగడం మొదలైంది. ఆటలో సగం రుచి అక్కడే పోయింది.

ఆ రుచీ, ఆ ముప్పూ అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎవరూ అడగకుండానే ఉన్నాయి. ఫైబర్ తెప్పల మీద తీరం కనబడనంత దూరం వెళ్లి, చేతి తాడుతోనే సూరలను, కొమ్ముకోనాలనే మార్లిన్ చేపలను లాగేవాళ్ల ఊరది. కుర్చీ లేదు, పట్టీలు లేవు. 2025లో గాలానికి తగిలిన భారీ కొమ్ముకోనాన్ని లాగబోయి ఒక మత్స్యకారుడు తాడుతో పాటే నీళ్లలోకి వెళ్లిపోయాడు. పడవ కదిలేలోపే మనిషి కదిలిపోయాడు. చేతి తాడు కనుక ఆ ఊరివాళ్లు ఎంత పెద్ద చేపను తెచ్చినా అవలోన్ మర్యాదల ప్రకారం అది లెక్కలోకి రాదు. సముద్రంలో ఒంటరిగా పెద్ద చేపతో తలపడడమే క్రీడ అయితే, ఈ లెక్క ఎక్కడో తప్పింది.

క్లబ్బు వేటకూ ఈ వేటకూ ఇంకో తేడా ఉంది. ట్యూనా ఒళ్లు చుట్టూ ఉన్న నీటి కంటే వెచ్చగా ఉంటుంది. చల్లటి ఉత్తర సముద్రం దాకా అది రాగలిగింది అందుకే. గంటల తరబడి పెనుగులాడితే ఆ వేడి ఇంకా పెరిగి, లోపలి కండ పాలిపోయి మెత్తబడుతుంది. క్లబ్బుల్లో ఎంతసేపు పోరాడితే అంత గొప్ప కథ. అమ్ముకునేవాడికి మాత్రం చేప ఎంత త్వరగా పైకొచ్చి మంచులో పడితే అంత ధర, ఎందుకంటే కొనేవాడు మొదట చూసేది కండ రంగునే.