అద్భుత నవల - నమ్మకము

అద్భుతకథ వ్రాయుట సులభమనియు, సాంఘిక నవల వ్రాయుట కష్టమనియు మనలో ఒక అభిప్రాయము చిరకాలముగా పాతుకొనియున్నది. ఉన్న లోకమును వర్ణించువానికి సాక్షులు కలరు. తప్పు వ్రాసినచో ఇరుగుపొరుగువారే పట్టుకొందురు. లేని లోకమును కల్పించువానికి సాక్షి యెవ్వడు? కావున వాడు తోచినదెల్ల వ్రాయవచ్చునని తలంపు. ఈ తలంపే మన అద్భుత నవలలను పాడుచేయుచున్నదని నా నిశ్చయము. సాక్షి లేకపోలేదు, పాఠకుడే సాక్షి. వానికి ఆ లోకము తెలియకపోవచ్చును గాని ఆకలి తెలియును, అసూయ తెలియును, సిగ్గు తెలియును.

నా తరగతిలో చదివి వెళ్లిన పిల్లవాడొకడు కొంతకాలము క్రిందట తాను వ్రాసిన నవలను తెచ్చి నాకు చూపెను. నిండుగా మూడు నోటుపుస్తకములు. ఏడు రాజ్యములు, ఒక మాయఖడ్గము, ఆ ఖడ్గమునకు వారసుడైన యువకుడు. కథ వేగముగనే నడచినది గాని ఎచ్చటను నమ్మకము కుదురలేదు. అప్పుడు నేను వానిని పెక్కు ప్రశ్నలడిగితిని. నీ రాజ్యములలో వాన యెప్పుడు కురియును? ఏ పంట పండును? సంతలో చెల్లు నాణెమేది? ఆ నది యెచ్చట పుట్టి యెచ్చట కలియుచున్నది? పిల్లవాడు శ్రద్ధగలవాడు. నాలుగు నెలలకు మరల వచ్చెను. దేశపటము గీసినాడు, నాణెములకు పేర్లు పెట్టినాడు, రాజవంశముల పట్టికలు, పండుగల పట్టికలు, సేనాపతుల బిరుదులు చేర్చినాడు. నోటుపుస్తకములు మూడు ఐదైనవి. చదివితిని. ఆ లోకము మునుపటికంటె నిండుగా నున్నది; మునుపటికంటె నిర్జీవముగను ఉన్నది. తప్పు వానిది కాదు, నాది. నేనడిగినవి తహసీలుదారు అడుగవలసిన ప్రశ్నలు. పాఠకుడు శిస్తు వసూలునకు రాడు.

మఱి యేమి అడుగవలసియుండెను? ఆ ఆలోచనలో పడి, చిన్ననాట చదివినవానిని, పెద్దయైన పిమ్మట బోధించినవానిని మరల తిరుగవేసితిని. మొదట చేతికి వచ్చినవి భేతాళకథలు. సోమదేవుడు 11వ శతాబ్దమున కథాసరిత్సాగరములో చేర్చిన ఈ కథలు తెలుగువారి యింట పిల్లలకు సైతము తెలిసినవే. అందు శ్మశానవర్ణన లేకపోలేదు. కాని మనలను పట్టి నిలుపునది ఆ వర్ణన కాదు. జవాబు తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును; నోరు విప్పి చెప్పినచో శవము మరల చెట్టెక్కును. ఈ రెండు కట్టుబాట్లమీద ఆ లోకమంతయు నిలిచియున్నది. రాజు మూఢుడైనచో మొదటి కథతోనే పని తీఱియుండును. వాని వివేకమే వాని బరువు. వాని న్యాయబుద్ధియే వానిని మాటిమాటికి చెట్టుకడకు నడిపించుచున్నది. తుదకు వానికి జవాబు తోపని ప్రశ్నయే వానిని ఒడ్డెక్కించినది. చూడుడు, మాయయొక్క నియమమును మనుష్యుని స్వభావమును ఒకే ముడిలో బిగించినారు. ఆ ముడి లేనిచోట ఎన్ని రాజ్యములున్నను పటముమీది రంగులే.

ఆంగ్లమున ఎచ్. జి. వెల్సు 1897లో ప్రకటించిన అదృశ్యమనుష్యుని కథయు ఇట్టిదే. కంటికి కనబడకుండుట యనగానే మనకు తోచునదేమి? ఎచ్చటికైనను పోవచ్చును, ఏదైనను దోచుకొనవచ్చును. వెల్సు ఆ కోరికను అంగీకరించి, వెంటనే దాని వెల కట్టుచున్నాడు. దేహమే కనబడదు గాని వస్త్రములు కనబడును. కావున కనబడకుండ తిరుగవలెనన్నచో దిగంబరుడై తిరుగవలెను. అదియు లండను నగరపు చలికాలమున. తిన్న అన్నము ఒంటబట్టువఱకు కడుపులో కనబడుచుండును. మంచు మీద పడినచో ఆకారము తెలిసిపోవును. చివఱకు ఇంద్రజాలమువంటి శక్తి సంపాదించినవాడు ఒక కోటు కొఱకు, ఒక పూట భోజనము కొఱకు అంగలార్చును. వాని క్రౌర్యము మనకు అసహ్యము కలిగించును. అయినను వాని వణకు మనకు తెలిసినదే. కనుకనే ఆ శాస్త్రజ్ఞుడు చెప్పు రసాయనవాదమును మనము పరీక్షింపక ఊరకుందుము.

1726లో వెలువడిన గలివరు యాత్రలలో స్విఫ్టు చేసిన లెక్క మఱియు విచిత్రము. లిల్లీపుట్టు దేశీయులు ఆఱంగుళముల పొడవువారు. అనగా గలివరు ఎత్తులో పండ్రెండవ వంతు. పొడవు, వెడల్పు, మందము మూడింటను పండ్రెండు రెట్లు గనుక వాని దేహము 1728 మంది దేహములతో సమానము. అంతమందికి సరిపడు ఆహారము వానికి పెట్టవలెనని ఆ దేశపు గణితజ్ఞులు నిర్ణయించిరి. (కొన్ని ముద్రణములలో ఈ సంఖ్య 1724 అని యున్నది. మా పాఠశాలలో ఒక లెక్కల మాస్టారు దీనిని పట్టుకొని స్విఫ్టునకు మార్కులు తగ్గించినారు.) నేను మొదట ఆ పిల్లవానిని కోరినది ఇట్టి లెక్కలే గదా, మఱి అవి ఇక్కడ జీవించి అచ్చట చచ్చుటకు కారణమేమి? స్విఫ్టు లెక్క అచ్చటితో ఆగదు. అంతమంది అన్నమును ఒక్కడే తినినచో బొక్కసము తఱుగును. బొక్కసము తఱిగినచో కోశాధిపతికి కడుపుమంట పుట్టును. ఆ కడుపుమంటయే గలివరు పతనమునకు ఒక కారణమగును. పైగా ఆ కోశాధిపతికి తన భార్యను గూర్చి గలివరుమీద అనుమానమొకటి. ఆఱంగుళముల గృహిణిని గూర్చి పర్వతమువంటి మనుష్యునిమీద అనుమానము! ఇంతకంటె అసంభవమైనది లేదు, ఇంతకంటె మానవసహజమైనదియు లేదు. గణితము అసూయగా మాఱినచోట లోకము లేచి నడచినది.

నేటి యువకులకు ఆదర్శము టోల్కియను. 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వచ్చిన ఆయన మహాకథకు అనుబంధములుగా వంశావళులు, లిపులు, పంచాంగములు ఉన్నవి. కథలో ఏ రాత్రి చంద్రుడెంత యుండవలెనో లెక్కించి సరిదిద్దుకొనిన ఓపిక ఆయనది. మనవారు ఆ అనుబంధములను చూచి అదియే రహస్యమనుకొనుచున్నారు. ఆ గ్రంథమును మోయునది మాత్రము, రెండవ ఉదయభోజనమునకు అలవాటుపడిన పొట్టివాడొకడు వట్టికాళ్లతో నడచి అలసిపోవుట. అంతదూరము మోసికొనిపోయిన ఉంగరమును అగ్నిలో వేయవలసిన క్షణమున వాడు వేయలేక తనదే యనును. వేయి పుటలు నడిపించి నాయకుని ఆ గడియలో ఓడించుటకు గుండె కావలెను. నేను చదివిన మన అనుకరణలలో పటములు కలవు, ఈ ఓటమి కనబడదు.

ఇదియంతయు పాశ్చాత్యులు నేర్పిన విద్య యని యెవరైనను అనుకొందురేమో. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమున ఆనందవర్ధనుడు ఈ ప్రశ్నను నేరుగా ఎత్తినాడు. కేవలమానవుడగు రాజు సప్తసముద్రములు లంఘించెనని వర్ణించినచో, వర్ణన యెంత సొగసైనను నీరసమగుననియు, దానికి అనౌచిత్యమే కారణమనియు ఆయన ధ్వన్యాలోకమున వాదించెను. సాతవాహనాదులు నాగలోకమునకు పోయినట్లు వినుచున్నాము గదా యను ఆక్షేపమును తానే తెచ్చుకొని సమాధానము చెప్పెను. ఆయనకు అద్భుతముమీద ద్వేషము లేదు. పాత్రయొక్క ప్రకృతి యెట్టిదో దానికి తగిన ఉత్సాహమునే, తగిన శక్తినే వానికి ఈయవలెనని ఆయన మతము. సముద్రలంఘనము హనుమంతునియందు మనకు పులకలు పుట్టించును. పొరుగూరి జమీందారునియందు నవ్వు పుట్టించును.

ఈ ఔచిత్యమునకు నాకు తెలిసినంతలో దమయంతీస్వయంవరముకంటె మంచి ఉదాహరణము లేదు. ఇంద్రాగ్నివరుణయములు నలుని రూపమున వచ్చి కూర్చుండిరి. సభలో ఐదుగురు నలులు. దేవతల శక్తికి హద్దు లేదనినచో దమయంతి కథ అచ్చటనే ముగియును. ఆమె తన మనస్సులోని సత్యమును సాక్షిగా నిలిపి వారినే వేడుకొనగా దేవతలు తమ చిహ్నములు చూపిరి. వారి కన్నులు ఱెప్పవేయవు, వారికి చెమట పట్టదు, వారి మాలలు వాడవు, పాదములు నేలనంటవు. మిగిలినవానికి నీడ కలదు, మేన ధూళి కలదు, కంఠమున వాడిన మాల కలదు. ఆ వాడిన మాలవానినే ఆమె వరించెను. ఇచ్చట దేవలోకపు లక్షణములన్నియు చెప్పుట ఎందులకు? ఒక కన్య తనకు కావలసినవానిని వాని కొఱతలచేత గుర్తుపట్టుటకు. లోకవర్ణనము చేయదగిన పని యిదియని ఇంతకంటె స్పష్టముగా ఏ లక్షణకారుడును చెప్పలేడు.

వేషధారణముచేత ఒకే రూపము ఇరువురకు కలుగు ఈ చిక్కును తెలుగున పింగళి సూరన తీసికొని కళాపూర్ణోదయమున చేసిన సాహసము వేఱు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వవిచారమున ప్రబంధములలోని మితిమీఱిన వర్ణనాధోరణిని ఖండించి, సూరన కథాకల్పనను మెచ్చుకొనినారు. ఆ మెప్పును మనము వల్లించుచున్నాము గాని దానినుండి నవల వ్రాయువారు నేర్వవలసినది నేర్వలేదు. తపోభంగమునకు వచ్చిన రంభ మణికంధరుని కౌగిట నుండియు నలకూబరుని పేరే పలుకును. ఆ మాట విని మణికంధరుడు తాను సంపాదించిన శక్తిచే నలకూబరుని రూపము ధరించును. నలకూబరుని కోరిన కలభాషిణి రంభ రూపము ధరించి వచ్చును. కపటరంభయు కపటనలకూబరుడును ఒకరినొకరు నిజమనుకొని కూడుదురు! నవ్వు వచ్చును, కొంచెము నిలిచి చూచినచో నవ్వు ఆఱిపోవును. ప్రేమింపబడుటకు తన మొగమును విడిచిపెట్టవలసివచ్చిన మగవాని అవమానమిది. రూపము మార్చు మంత్రము మనకెవ్వరికి తెలియదు గాని, ఆ అవమానము ఎందఱకు తెలియదు?

అదే కావ్యమున శాలీనుడు, సుగాత్రి అను దంపతులున్నారు. సర్వాభరణములతో అలంకరించుకొని వచ్చిన భార్యను శాలీనుడు కన్నెత్తి చూడడు. నగలు తీసిపెట్టి తోటపనిలో తనకు తోడైన నాడు వాని మనస్సు ఆమెయందు నిలుచును. ఇందు మంత్రము లేదు, మాయ లేదు. గంధర్వులు, సిద్ధులు, బ్రహ్మసరస్వతుల సంవాదములు నిండిన ఆ కావ్యములో, మొలకెత్తిన మట్టివాసన వేయు ఈ ఘట్టమును సూరన ఊరక పెట్టలేదు. శాలీనుని సిగ్గును నమ్మినవాడు, తరువాత ఆ దంపతులు పొందు విచిత్రరూపములను సైతము నమ్మును. ఋణము అచ్చట ఇచ్చి ఇచ్చట వసూలు చేసికొనుచున్నాడు కవి.

మన అద్భుతకథలకు తఱచు చేటు తెచ్చునది శాపము. శాపమనగా నాకు కోపము లేదు. అది కథను కదలించుటకు మంచి సాధనమే. పాత్ర చేసిన పాపమును పాత్రమీదనుండి దింపివేయుటకు దానిని వాడుటయే నాకు కిట్టదు. భారతమున దుష్యంతుడు శకుంతలను ఎఱిగియుండియే, లోకాపవాదమునకు వెఱచి ఎఱుగననును. కాళిదాసు దుర్వాసుని శాపమును కల్పించి రాజును నిర్దోషిని చేసెను. కాళిదాసు కాళిదాసు గనుక తప్పించుకొనినాడు: హంసపదిక పాట వినగానే, ఎందులకో తెలియని వెలితి ఒకటి రాజు గుండెలో కదలునట్లు వ్రాసినాడు. జ్ఞాపకము పోయినను దాని గాయము పోలేదు. అయినను విద్యార్థులకు ఈ ఘట్టము చెప్పునప్పుడెల్ల, సభలో నిలిచి అబద్ధమాడిన భారతదుష్యంతుడే నాకు మనుష్యుడుగా కనబడును. ఇంటిని తాగి గుల్లచేసినవానిని చూచి జాతకమనియు, పూర్వజన్మఫలమనియు సమాధానపడుట మన ఊళ్లలో ఇప్పటికిని వినబడుచున్న మాట. అట్టి సమాధానమును కథలు కూడ నేర్పుచుండగా, అవి పిల్లల కాలక్షేపమునకే గదా యని ఉపేక్షించుట నాకు చేతకాదు.

ఇంతవఱకు వచ్చిన తరువాత ఆ పిల్లవానిని పిలిపించి, నా మొదటి సలహా తప్పని ఒప్పుకొని, ఒకే ప్రశ్న అడిగితిని: "నీ ఖడ్గము చేయలేనిదేమి? దానిని ఎత్తినవాడు ఏమి పోగొట్టుకొనును?" వాడు కొంతసేపు మాటాడలేదు. పటమును మడిచి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయెను.

మొన్న దసరా సెలవులలో వచ్చెను. ఐదు నోటుపుస్తకములు మరల రెండైనవి. ఇప్పుడు ఆ ఖడ్గము ఎత్తిన ప్రతిసారి నాయకుడు తనకు తెలిసినవారిలో ఒకరి పేరు మఱచిపోవును. మొదట బడిలోని స్నేహితుల పేర్లు, పిమ్మట ఊరివారివి. శత్రువు కోటగుమ్మము చేరుసరికి వానికి రెండు పేర్లే మిగిలినవి; తల్లిది ఒకటి, పెండ్లాడదలచిన పిల్లది ఒకటి. కథ అచ్చట ఆగియున్నది. తరువాత ఏమైనదని అడిగితిని. "ఇంకా వ్రాయలేదండీ మాస్టారూ, నాలుగు రోజులుగా నిద్ర పట్టడము లేదు" అనినాడు.