కేస్ షీటూ జన్యువూ కలిపి చదివే చదువు

2003 జూన్‌లో వానలు మొదలయ్యే వేళకు తెలంగాణ పల్లెల్లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరాలు మొదలయ్యాయి. జ్వరం వెంటే వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం. పొద్దున ఆడుకున్న బిడ్డ మర్నాటికి దక్కేది కాదు. మన మంథని అప్పుడు ఉన్న కరీంనగర్ జిల్లాలోనూ ఇదే పరిస్థితి. ఆగస్టు వెళ్లేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకెక్కిన కేసులు 329. చనిపోయిన పిల్లలు 183 మంది. అంటే జబ్బు పడ్డవాళ్లలో సగానికి పైగా పోయారు.

పిల్లల్లో మెదడువాపు అనగానే ముందు గుర్తొచ్చేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. పరీక్షిస్తే అది కాదని తేలింది. వెస్ట్ నైల్, డెంగీ, తట్టు, రేబిస్ ఆనవాళ్లూ లేవు. బ్యాక్టీరియా వల్ల వచ్చిందనడానికీ ఆధారం దొరకలేదు. చివరికి పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ శాస్త్రవేత్తలు ఆరుగురు రోగుల నమూనాల నుంచి ఒక వైరస్‌ను పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి పోల్చుకున్నారు. అది చాందీపుర వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురలో జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో మొదటిసారి దొరికింది. తర్వాత చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. మన పిల్లల ఐదు నమూనాల్లోని ఆర్ఎన్ఏ అక్షరాలను ఆ పాత వైరస్‌తో సరిపోల్చితే 96.7 నుంచి 97.5 శాతం ఒకటిగా ఉన్నాయి. ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడ్డది కాదని, చాలాకాలంగా మన నేలమీద తిరుగుతున్నదేనని అలా అర్థమైంది. ఈ ఫలితాలు 2004లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి.

ఆ పరిశోధనలో ఒక చిన్న సంగతి దగ్గర నేను ఆగిపోతాను. ఒంట్లో ఈ వైరస్ మీద పుట్టే ఐజీఎం యాంటీబాడీలు జబ్బు మొదలై నాలుగు రోజులు దాటాక తీసిన రక్తంలోనే ఎక్కువగా కనిపించాయి. కానీ ఆ పిల్లల్లో చాలామందికి నాలుగో రోజనేదే లేదు. యాంటీబాడీ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే, అందరికంటే ముందు పోయిన పిల్లలను 'నెగెటివ్'గా రాసి ఉండేవాళ్లు. అలాంటి చోట వైరస్ ఆర్ఎన్ఏను నేరుగా వెతికే పీసీఆర్ కావాలి. ఏ రోజు తీసిన నమూనాకు ఏ పరీక్ష చెల్లుతుందో తెలియాలంటే మంచం పక్కన నిలబడి జబ్బు నడకను చూసి ఉండాలి, ల్యాబులో పీసీఆర్ ట్యూబునూ పట్టి ఉండాలి.

ఈ రెండింటినీ ఒక్క మనిషికే నేర్పే చదువు ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య విభాగంలో 'హాస్పిటల్ అండ్ మాలిక్యులర్ ఎపిడెమియాలజీ' పేరుతోనే పీజీ కోర్సు నడిచింది. మన దగ్గరికొస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీ కలిసి అంటురోగాల మాలిక్యులర్ ఎపిడెమియాలజీలో ఇండో-జర్మన్ పరిశోధక విద్యార్థి బృందాన్ని కొన్నేళ్లు నడిపాయి. హెచ్‌సీయూలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది. చెన్నైలోని ఐసీఎంఆర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ చదువుతో పాటు క్షేత్రంలో దిగి పనిచేయడం నేర్పుతుంది. జన్యువుల వైపు నుంచి రావాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2020 డిసెంబరులో కోవిడ్ వైరస్ రూపాలను కనిపెట్టడానికి దేశంలో పది ల్యాబులతో బృందం కట్టినప్పుడు ఈ రెండూ అందులో ఉన్నాయి.

ఇక ఆ చదువులో చేయించే పని. మొదట 'కేస్ డెఫినిషన్' రాయిస్తారు. ఎవరిని రోగిగా లెక్కేయాలో ఒక్క వాక్యంలో తేల్చడం. ఏ వయసు, ఏ లక్షణాలు, ఏ తేదీల మధ్య, ఏ ప్రాంతం. వాక్యం వదులైతే మామూలు జ్వరాలన్నీ జాబితాలోకి వస్తాయి, మరీ బిగిస్తే అసలు కేసులే జారిపోతాయి. తర్వాత 'లైన్ లిస్ట్'. ఒక రోగికి ఒక వరుస: వయసు, ఊరు, జ్వరం మొదలైన రోజు, దవాఖానలో చేరిన గంట, నమూనా తీసిన రోజు, ఏమైందీ. కాగితం మీద ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. నా దృష్టిలో మొత్తం చదువులో అన్నిటికంటే విలువైనది ఇదే. 'నమూనా తీసిన రోజు' అనే ఒక్క గడి ఖాళీగా ఉంటే ఇందాకటి నాలుగు రోజుల సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఆ తర్వాతే సీక్వెన్సింగ్. మంథని వేదపండితుల ఊరు కాబట్టి ఇక్కడివాళ్లకు ఒక పోలిక చెప్పవచ్చు. ఒక్క అక్షరం జారకుండా ఉండటానికి పదం, క్రమం, జట, ఘన అంటూ అదే మంత్రాన్ని ముందుకూ వెనక్కూ మార్చి మార్చి వల్లిస్తారు కదా, సీక్వెన్సర్ కూడా జన్యువులోని ఒక్కో అక్షరాన్ని పదే పదే చదివి, ఎక్కువ పాఠాలు కలిసినప్పుడే ఖాయం చేస్తుంది.

ఇక ఆ కోర్సు పేరులోని 'హాస్పిటల్' భాగం సంగతి. పసిపిల్లల ఐసీయూలో వారంలో నలుగురికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా సోకిందనుకుందాం. నలుగురి బ్యాక్టీరియా జన్యువుల్లోనూ తేడా నాలుగైదు అక్షరాలే అయితే మూలం వార్డులోనే ఉండొచ్చు. సక్షన్ గొట్టం, చేతులు కడిగే సింకు, కలిపి ఉంచిన సెలైన్ సీసా ఒక్కొక్కటీ వెతకాలి. తేడా వేలల్లో ఉంటే ఎవరికి వారికి వేరువేరుగా వచ్చినట్టు, వార్డు మూసినా ఫలితం ఉండదు. వియన్నాలో ప్రసూతి వైద్యుడు సెమ్మెల్‌వైస్ 1847లో జన్యువు మాట తెలియకుండానే, రిజిస్టరు చదివి ఇలాంటి మూలాన్నే పట్టుకున్నాడు. ఆయన వార్డులో బాలింత మరణాలు ఏప్రిల్‌లో 18 శాతం. మే నెల మధ్యలో డాక్టర్లతో బ్లీచింగు నీళ్లలో చేతులు కడిగించాడు. జూన్‌లో 2 శాతానికి దిగాయి.

మళ్లీ కరీంనగర్‌కు వద్దాం. వైరస్ పేరు తేలితే సగం పనే అయినట్టు. పిల్లల ఒంట్లోకి అది ఎలా చేరింది? శాస్త్రవేత్తలు ఆ జిల్లాలోనే ఇసుక ఈగలను పట్టి, గుంపులు గుంపులుగా పరీక్షించారు. సర్జెంటోమియా ప్రజాతి ఈగల్లో చాందీపుర జాడ దొరికిందని 2005లో ప్రకటించారు. దోమలో మూడోవంతు ఉండే ఈ ఈగ చప్పుడు చేయదు. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో, తేమగా ఉన్న చెత్తలో ఉంటుంది. పగుళ్లు పూడ్చడం, గోడలకు మందు కొట్టించడం, కొట్టం ఇంటికి దూరంగా పెట్టుకోవడం అనే సలహాల వెనుక ఇంత పని ఉంది.

2003 జబ్బు చాందీపుర వల్ల వచ్చిన మెదడువాపేనన్న మాటను అందరూ ఒప్పుకోలేదు. ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని మన పిల్లల వైద్యులు కొందరు వాదించారు. ఆ వాదన అవసరమే. 2005, 2006లలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో వచ్చిన పిల్లల కేసులను ఓపిగ్గా గమనిస్తే, ఉత్తర తెలంగాణలో పిల్లల మెదడువాపుకు చాందీపుర ఒక ప్రధాన కారణమని తేలింది. 2024లో గుజరాత్‌లో అది మళ్లీ విజృంభించింది. ఈ వైరస్‌కు ఈనాటికీ ప్రత్యేకమైన మందు గానీ టీకా గానీ లేవు.

మంథనికి దగ్గర్లోనే రామగుండంలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ప్రతి మెడికల్ కాలేజీలో ఉన్నట్టే అక్కడా మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలుంటాయి. ఈ రెండూ కలిసి లైన్ లిస్టు నుంచి పీసీఆర్ దాకా నేర్పే కోర్సు ఒకటి మొదలుపెట్టాలి. డిగ్రీలో మైక్రోబయాలజీ, ఎంఎల్‌టీ చదువుతున్న పిల్లలకు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం ఒక్కటే దారి కాదని లెక్చరర్లు చెప్పాలి. వచ్చే జూన్‌లో కారణం తెలియని జ్వరం వస్తే, మొదటి నమూనా మొదటి రోజే తీయించగల మనిషి ఈ జిల్లాలోనే ఉండాలి.