‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎన్ని చోట్ల? – వాతావరణ ప్రకటనల్లో పరిమాణవాచకాలు

ప్రస్తావన

పరిమాణాన్ని అంకెతో కాక మాటతో చెప్పడం నిత్యవ్యవహారంలో లోపం కాదు. ‘కూరలో కొంచెం ఉప్పు వెయ్యి’ అని తల్లి అంటే కూతురు ఎన్ని గ్రాములని అడగదు. కూర ఎంతో, ఇంట్లో వాళ్ల రుచి ఏమిటో ఇద్దరికీ తెలుసు. వక్తకూ శ్రోతకూ ఇటువంటి ఉమ్మడి ఎరుక లేనిచోట అస్పష్ట పరిమాణవాచకం ఎలా అర్థమవుతుంది? తెలుగులో వెలువడే వాతావరణ ప్రకటనల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

తెలుగు పరిమాణవాచకాల స్వభావం

తెలుగు లెక్కించదగిన వాటికి ‘కొన్ని’, లెక్కించరానిదానికి ‘కొంత’, మనుషులకు ‘కొందరు’ అని రూపభేదం పాటిస్తుంది. ఎన్నయితే ‘కొన్ని’ అవుతాయో మాత్రం వ్యాకరణం చెప్పదు. ‘చాలా’ అన్నది ‘చాలు’ ధాతువుకు చెందిన మాట. అవసరానికి సరిపోవడమనే భావం నుంచి ఆధిక్యార్థం ఏర్పడింది. అందుకే పెళ్లికి యాభైమంది వస్తే తక్కువ, సాహిత్యసభకు యాభైమంది వస్తే చాలామంది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్నప్పుడు ‘నలుగురు’ అంటే సంఖ్య కాదు, లోకం.

‘ఒకటి రెండు’, ‘ఐదారు’ వంటి జంటసంఖ్యల తీరు వేరు. ఇవి ఉజ్జాయింపుగా చెబుతూనే పైహద్దును సూచిస్తాయి. ఐదారుగురు భోజనానికి వస్తారని చెప్పి ఇరవైమందిని వెంటబెట్టుకొస్తే మాట తప్పినట్టే. వక్త అవసరమైనంత సమాచారం ఇస్తాడన్న నమ్మకంతోనే శ్రోత అర్థం చేసుకుంటాడని గ్రైస్ 1975లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. ఆ సూత్రం ప్రకారం ‘ఒకటి రెండు’ అని విన్నవాడు ‘అంతకు మించి కాదు’ అని గ్రహించడం సహజం.

పదం, ప్రమాణం

భారత వాతావరణ విభాగం వర్షవ్యాప్తిని నాలుగు మెట్లుగా చెబుతుంది. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్ల వాన పడితే మొదటి మెట్టు. 26–50 శాతం రెండవది. 51–75 శాతం మూడవది. 76–100 శాతం నాలుగవది. తెలుగు ప్రకటనల్లో వీటికి సాధారణంగా ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘అనేక చోట్ల’, ‘చాలా చోట్ల’ అన్న మాటలు వినిపిస్తాయి. ఒక ప్రాంతంలో నలభై కేంద్రాలున్నాయనుకుంటే, పదింటిలో వాన కురిసినా అది శాస్త్రరీత్యా ‘ఒకటి రెండు చోట్ల’ కురిసినట్టే. తెలుగు శ్రోతకు మాత్రం పదికీ ఒకటి రెండుకూ పొంతన లేదు.

మూడవ, నాలుగవ మెట్ల సమస్య మరింత సూక్ష్మమైనది. ‘అనేక’ అంటే వ్యుత్పత్తి ప్రకారం ‘ఒకటి కానిది’. వాడుకలో అది ‘చాలా’కు దాదాపు పర్యాయపదం. వీటిలో ఏది పెద్దదో చెప్పే వరుస తెలుగువారి మనసులో లేదు. పైగా నాలుగవ మెట్టు చెప్పదలచుకున్నది మొత్తంలో ఎంత భాగమన్నది. ‘చాలా’ తెలిపేది ఆధిక్యాన్ని మాత్రమే. ‘దాదాపు అన్ని చోట్ల’ అంటే ఆ నిష్పత్తి నిలిచేది.

వర్షతీవ్రత విషయంలోనూ ఇదే చిక్కు. 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల వరకు కురిసినదంతా ‘మోస్తరు వర్షం’, 64.5 నుంచి ‘భారీ’. వాడుకలో ‘మోస్తరు’ అంటే ఓ మాదిరి. కల్లంలో మిరప ఆరబోసిన రైతుకు 60 మిల్లీమీటర్ల వాన ఓ మాదిరి వాన కాదు. అతడు వానను ‘పదును’తో కొలుస్తాడు. నేల దుక్కికి, విత్తుకు అనువైందా లేదా అన్నదే ఆ కొలత. ‘చాలా’ వలెనే ‘పదును’ కూడా అవసరాన్ని బట్టి పుట్టిన ప్రమాణం.

విమర్శ

శాస్త్రం సామాన్య పదాన్ని తీసుకుని దానికి హద్దులు గీయడం తప్పు కాదు. ఆ హద్దులు శ్రోతకు తెలియజేయకుండా పదాన్ని మాత్రమే వినిపించడంలోనే దోషముంది. అప్పుడు ఒకే మాటకు రెండు నిఘంటువులు ఏర్పడతాయి: ఒకటి కార్యాలయంలో, మరొకటి కల్లంలో. నష్టం కల్లంవైపే జరుగుతుంది. ‘ఒకటి రెండు చోట్ల’ అని విన్న రైతు తన ఊరు అందులో ఉండదనుకుని పట్టాలు కప్పకపోతే, దాన్ని అతడి అజ్ఞానం అనలేము. అతడు తెలుగును సరిగానే అర్థం చేసుకున్నాడు.

పదాల స్థానంలో అంకెలు పెడితే సరిపోతుందన్న వాదన ఉంది. ఒట్టి శాతాలు చెవికి ఆనవు, ఆకాశవాణిలో ఒకసారి విని గుర్తుంచుకోవడమూ కష్టం. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం నివేదికల్లోని సంభావ్యతాపదాలపై బుడెస్కు బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. నివేదిక ఉద్దేశించిన అర్థానికీ పాఠకులు గ్రహించిన అర్థానికీ ఎడం ఉందని, పదం పక్కనే సంఖ్యను చేరిస్తే ఆ ఎడం తగ్గుతుందని అది చూపింది.

ముగింపు

తెలుగులో ఈ జోడింపుకు కొత్త పరిభాష అక్కరలేదు. ‘నాలుగింట ఒక వంతు లోపు చోట్ల’, ‘సగానికి పైగా చోట్ల’, ‘నాలుగింట మూడు వంతులకు మించి’ అన్న మాటలు పల్లెలో ఎవరికైనా తెలిసినవే, ప్రమాణానికీ సరిపోయేవే. అస్పష్ట పరిమాణవాచకాల అర్థం నిఘంటువులో కన్నా వక్తా శ్రోతల ఉమ్మడి అనుభవంలో ఉంటుంది. ఆ అనుభవం లేనిచోట దాన్ని కల్పించవలసిన బాధ్యత మాట్లాడేవారిదే. అనువాద విమర్శ సాహిత్యగ్రంథాలకే పరిమితం కాకుండా ఇటువంటి ప్రజోపయోగ పాఠాలనూ పరిశీలించవలసి ఉంది.